ఐర్లండ్ విలువలు, యూరప్ ఉమ్మడి విలువలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐర్లండ్‌లో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగువాళ్ళకూ, రాజనీతిశాస్త్రం చదివే విద్యార్థులకూ పనికొచ్చేలా రాసినవి ఇవి. ఐర్లండ్ అంటే ఇక్కడ డబ్లిన్ రాజధానిగా ఉన్న రిపబ్లిక్ అని అర్థం. బెల్‌ఫాస్ట్ ఉన్న ఉత్తర ఐర్లండ్ బ్రిటన్ కిందికి వస్తుంది, దాని లెక్క వేరు.

"యూరప్ ఉమ్మడి విలువలు" అని అసలు ఎక్కడ రాసి ఉంది?

మూడు పత్రాల్లో ఉంది. మొదటిది యూరోపియన్ యూనియన్ ఒప్పందంలోని 2వ అధికరణం. అందులో ఆరు విలువలు వరుసగా కనిపిస్తాయి: మానవ గౌరవం, స్వేచ్ఛ, ప్రజాస్వామ్యం, సమానత్వం, చట్టబద్ధ పాలన, మానవ హక్కులు. మానవ హక్కుల్లోనే మైనారిటీల హక్కులను కలిపారు. దాని వెనకాలే ఇంకో వాక్యం ఉంది. బహుళత్వం, వివక్ష లేకపోవడం, సహనం, న్యాయం, సంఘీభావం, స్త్రీపురుష సమానత్వం ఉన్న సమాజంలోనే ఆ విలువలు నిలుస్తాయన్నది దాని సారం.

రెండోది ప్రాథమిక హక్కుల చార్టర్. 54 అధికరణాలున్న ఈ చార్టర్‌ను 2000లో ప్రకటించారు, 2009 డిసెంబర్ 1న లిస్బన్ ఒప్పందంతో పాటు చట్టబలం వచ్చింది. మూడోది 1950 నవంబర్ 4న రోమ్‌లో సంతకాలైన యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడిక.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 2వ అధికరణం పేర్లు చెబుతుంది తప్ప నిర్వచనాలు చెప్పదు. విడాకులు ఉండాలా, బడిలో ప్రార్థన ఉండొచ్చా, దేశం సైనిక కూటమిలో చేరాలా అన్న ప్రశ్నలకు అందులో జవాబు వెతికితే దొరకదు. ఐర్లండ్‌ను యూరప్‌తో పోల్చేటప్పుడు వచ్చే గందరగోళంలో సగం ఇక్కడే పుడుతుంది.

స్ట్రాస్‌బర్గ్ కోర్టు, లక్సెంబర్గ్ కోర్టు ఒకటేనా?

కాదు. పత్రికల్లో తరచూ కనిపించే తప్పు ఇది. స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్నది మానవ హక్కుల ఒడంబడికను అమలుచేసే కోర్టు. అది కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే వేరే సంస్థకు చెందింది. 46 దేశాలున్న ఆ సంస్థలో బ్రిటన్, టర్కీ కూడా సభ్యులే. 1949లో దాన్ని స్థాపించిన పది దేశాల్లో ఐర్లండ్ ఒకటి. 27 దేశాల యూరోపియన్ యూనియన్ కోర్టు ఉండేది లక్సెంబర్గ్‌లో. చిక్కేమిటంటే యూనియన్ పార్లమెంటు సమావేశాలు కూడా స్ట్రాస్‌బర్గ్‌లోనే జరుగుతాయి, జెండా కూడా రెండు సంస్థలకూ ఒకటే. "యూరప్ కోర్టు తీర్పు" అన్న వార్త కనిపిస్తే ముందు ఊరి పేరు చూడండి.

ఆచరణలో ఈ తేడా చాలా పెద్దది. యూనియన్ చట్టానికి ఐర్లండ్ చట్టం మీద నేరుగా పైచేయి ఉంటుంది. ఒడంబడికకు ఆ బలం లేదు. 2003 నాటి ఐర్లండ్ చట్టం ప్రకారం కోర్టులు దేశ చట్టాన్ని వీలైనంతవరకు ఒడంబడికకు అనుగుణంగా చదవాలి. అలా కుదరకపోతే "ఇది పొసగడం లేదు" అని ప్రకటించడంతో వాళ్ళ పని అయిపోతుంది. ఆ ప్రకటన వచ్చినంత మాత్రాన చట్టం రద్దుకాదు, మార్చాల్సింది పార్లమెంటే. యూనియన్ చార్టర్ కూడా అన్నిచోట్లా వర్తించదు. సభ్యదేశం యూనియన్ చట్టాన్ని అమలుచేస్తున్న సందర్భాల్లోనే వర్తిస్తుందని 51వ అధికరణం గీత గీసింది.

మరి ఐర్లండ్ తన విలువలను ఎక్కడ రాసుకుంది?

1937 రాజ్యాంగంలో. ఆ ఏడాది జులై 1న ప్రజలు ఓటేసి ఆమోదించారు, డిసెంబర్ 29న అమల్లోకి వచ్చింది. అది క్రైస్తవ త్రిత్వం పేరుతో మొదలవుతుంది. కుటుంబానికి, మతానికి, సొంత ఆస్తికి విడివిడిగా అధికరణాలున్నాయి. కేథలిక్ చర్చికి "ప్రత్యేక స్థానం" ఇచ్చిన వాక్యాన్ని 1972లో ప్రజలే ఓటేసి తీసేశారు, పీఠిక మాత్రం అలాగే ఉంది.

మనకు దీనితో పాత చుట్టరికమే ఉంది. మన రాజ్యాంగం నాలుగో భాగంలోని ఆదేశిక సూత్రాల ఆలోచన ఐర్లండ్ రాజ్యాంగం 45వ అధికరణం నుంచే వచ్చింది. కోర్టుకెళ్ళి అమలుచేయించుకోలేని హామీలు అన్న పోలికా రెండింటికీ ఉంది. రాజ్యసభకు సభ్యులను నామినేట్ చేసే పద్ధతికీ మూలం అక్కడి సెనేటే.

ఒక అంశాన్ని సరిగ్గా పోల్చాలంటే ఏ వరుసలో చూడాలి?

నాలుగు మెట్లు ఎక్కాలి. ఒక్కటి దాటేసినా జవాబు తప్పుతుంది.

1. ఆ అంశం మీద యూరప్‌కు ఉమ్మడి నియమం ఉందా? సమాన వేతనం మీద ఉంది. విడాకుల మీద లేదు.
2. ఉంటే ఎవరిది? యూనియన్ డైరెక్టివా (సభ్యదేశాలు తమ చట్టంగా మార్చుకోవాల్సిన ఆదేశం), స్ట్రాస్‌బర్గ్ తీర్పా? దాన్నిబట్టి అది ఎంత కచ్చితమో తేలుతుంది.
3. ఐర్లండ్‌లో దాని స్థానమేమిటి? రాజ్యాంగంలో ఉంటే రిఫరెండం, అంటే ప్రజల ఓటు, లేకుండా కదలదు. మామూలు చట్టమైతే పార్లమెంటు మార్చేస్తుంది.
4. జనం ఏమనుకుంటున్నారు, వాస్తవంలో ఏం జరుగుతోంది? సర్వేల పని ఇక్కడ. వాటిని మొదటి మెట్టు మీదే వాడేస్తుంటారు, అది పొరపాటు.

నాలుగో మెట్టు మీద దొరికిన జవాబును మొదటి మెట్టు ప్రశ్నకు అతికించడం మరీ ఎక్కువ. "ఐరిష్ వాళ్ళలో ఇంతశాతం చర్చికి వెళ్తారు, కాబట్టి ఐర్లండ్ యూరప్ విలువలకు దూరం" అనడం అలాంటిదే. చర్చికి వెళ్ళకూడదని యూరప్ విలువల్లో ఎక్కడా లేదు.

యూరప్ ఒత్తిడి వల్లే ఐర్లండ్ మారిందంటారు. నిజమేనా?

కొన్ని విషయాల్లో పూర్తిగా నిజం. కొన్నింటిలో అసలు కాదు.

నిజమైన చోట్లు ముందు చూద్దాం. ఐర్లండ్ 1973 జనవరి 1న అప్పటి యూరోపియన్ ఆర్థిక సంఘంలో చేరింది. పెళ్ళయిన మహిళ ప్రభుత్వోద్యోగం వదిలెయ్యాలన్న నిబంధనను ఆ ఏడాదే ఎత్తేశారు. స్త్రీపురుషులకు సమాన వేతనం ఇవ్వాలన్న చట్టం 1974లో వచ్చింది. డబ్బుల్లేవు, కొన్నాళ్ళు ఆగుతాం అని ప్రభుత్వం మినహాయింపు అడిగితే యూరోపియన్ కమిషన్ ఒప్పుకోలేదు. 1979లో ఎయిరీ కేసులో స్ట్రాస్‌బర్గ్ కోర్టు కోర్టు తలుపు తెరిచి ఉంటే సరిపోదని చెప్పింది. భర్త నుంచి చట్టబద్ధంగా వేరుపడాలనుకున్న ఒక మహిళకు లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే ఆ హక్కు ఉన్నా లేనట్టే అన్నది తీర్పు. సివిల్ కేసుల్లో ప్రభుత్వ న్యాయ సహాయం దాని తరవాతే మొదలైంది. స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసే విక్టోరియా కాలపు చట్టాలు ఒడంబడికకు విరుద్ధమని 1988లో సెనేటర్ డేవిడ్ నోరిస్ కేసులో తీర్పు వచ్చింది. వాటిని తొలగించడానికి మరో ఐదేళ్ళు పట్టి, 1993లో పూర్తయింది.

ఇక నిజం కాని చోట్లు. విడాకుల హక్కు ఒడంబడికలో లేదని 1986లో జాన్‌స్టన్ కేసులో స్ట్రాస్‌బర్గ్ కోర్టే తేల్చింది. అదే ఏడాది ఐరిష్ ప్రజలు 63.5 శాతంతో విడాకులను తిరస్కరించారు. 1995 నవంబర్ 24న 50.28 శాతంతో ఒప్పుకున్నారు, తేడా 9,114 ఓట్లు. దీంట్లో యూరప్ ఆదేశం ఏదీ లేదు. స్వలింగ వివాహమూ అంతే. దాన్ని అనుమతించి తీరాలని ఒడంబడిక చెప్పదని 2010లో ఆస్ట్రియా కేసులో కోర్టు అంది. ఐర్లండ్ ఐదేళ్ళు తిరిగేసరికి, 2015 మే 22న, దేశవ్యాప్త ప్రజా ఓటుతో దానికి ఆమోదం తెలిపిన మొదటి దేశమైంది. అనుకూలంగా పడ్డవి 62.07 శాతం.

అంటే యూరప్ గీసింది కనీస గీత. ఐర్లండ్ కొన్నిచోట్ల దాని కింద ఉండి పైకి లాగించుకుంది, కొన్నిచోట్ల తానే దాటి ముందుకెళ్ళింది. "వెనకబడిన దేశం యూరప్ పుణ్యమా అని బాగుపడింది" అనే కథ చెప్పడానికి సులువే, తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం నిలవదు.

అబార్షన్ విషయంలో యూరప్ ఏం చేసింది?

చాలామంది అనుకునేదానికంటే తక్కువే. 1983 సెప్టెంబర్ 7న 66.9 శాతం ఓట్లతో ఎనిమిదో సవరణ వచ్చి, గర్భస్థ శిశువు ప్రాణానికి తల్లి ప్రాణంతో సమాన హక్కు ఇచ్చింది. యూరప్ దీన్ని ఎక్కడ మార్చేస్తుందోనని 1992 మాస్ట్రిక్ట్ ఒప్పందానికి ఐర్లండ్ ఒక ప్రోటోకాల్ (అనుబంధ పత్రం) జోడించుకుంది. అంటే యూనియన్ ఈ విషయంలో చెయ్యి పెట్టకుండా ఐర్లండే కట్టడి చేయించుకుందన్నమాట.

అదే ఏడాది అత్యాచారానికి గురైన 14 ఏళ్ళ అమ్మాయి ఇంగ్లండ్ వెళ్ళకుండా హైకోర్టు ఆపింది. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును ఎత్తేసి, ఆత్మహత్య ప్రమాదం కూడా తల్లి ప్రాణాపాయం కిందికే వస్తుందని చెప్పింది. నవంబర్ రిఫరెండంలో విదేశానికి వెళ్ళే స్వేచ్ఛను ప్రజలు 62.4 శాతంతో ఆమోదించారు. కాబట్టి దేశం లోపల "కూడదు", పడవెక్కితే "సరే" అన్న ఏర్పాటు పాతికేళ్ళకు పైగా సాగింది.

2010 డిసెంబర్ 16న వచ్చిన ఎ, బి, సి కేసు తీర్పును జాగ్రత్తగా చదవాలి. అబార్షన్ కోసం ఇంగ్లండ్ వెళ్ళాల్సొచ్చిన ముగ్గురు మహిళలు వేసిన కేసు అది. వాళ్ళలో ఇద్దరి విషయంలో ఉల్లంఘన లేదనే స్ట్రాస్‌బర్గ్ కోర్టు చెప్పింది, అలాంటి నైతిక ప్రశ్నల్లో దేశానికి వెసులుబాటు ఉంటుందని. మూడో మహిళ విషయంలోనే తప్పుపట్టింది. అదీ నిషేధాన్ని కాదు. ప్రాణాపాయం ఉన్నప్పుడు రాజ్యాంగం ఇస్తున్న హక్కును వాడుకోవడానికి పద్ధతంటూ ఏదీ పెట్టకపోవడాన్ని. 2012 అక్టోబర్ 28న గాల్వేలో భారతీయ దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ సెప్సిస్‌తో మరణించారు. గర్భం నిలవదని తెలిశాక ఆమె అబార్షన్ కోరినా చేయలేదు. కర్ణాటక నుంచి వెళ్ళిన ఆమె పేరు ఆ తరవాతి ఉద్యమమంతటా వినిపించింది. 2013లో పరిమిత చట్టం వచ్చింది. 2018 మే 25న 66.4 శాతం ఓట్లతో ఎనిమిదో సవరణ రద్దయింది. 2019 జనవరి 1 నుంచి 12 వారాల లోపు, మూడు రోజుల వ్యవధి నిబంధనతో, కారణం చెప్పనక్కర్లేకుండా అనుమతి ఉంది.

ప్రతిదానికీ రిఫరెండం ఎందుకు పెడతారు? అది ఎలా జరుగుతుంది?

రాజ్యాంగంలో ఒక్క మాట మార్చాలన్నా ప్రజల ఓటు తప్పనిసరి కాబట్టి. మన దగ్గర పార్లమెంటులో మూడింట రెండొంతుల మెజారిటీతో అయ్యే పని అక్కడ ఊరూరా పోలింగ్ బూత్‌కు వెళ్తుంది. బిల్లు ఉభయ సభల్లో పాసవుతుంది, తరవాత ప్రజల ముందుకు వస్తుంది, పోలైన ఓట్లలో సగానికి ఒక్కటి ఎక్కువొచ్చినా నెగ్గుతుంది. ఇంతమంది ఓటేసి తీరాలన్న కనీస పరిమితి లేదు. 1995 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ప్రభుత్వం ప్రజాధనంతో ఒక పక్షానికే ప్రచారం చేయకూడదు.

పెద్ద నైతిక ప్రశ్నలకు ఇటీవలి కాలంలో ఇంకో మెట్టు చేర్చారు. చీటీలు తీసినట్టు జనాభా నుంచి యాదృచ్ఛికంగా 99 మంది పౌరులను ఎంచి, ఒక న్యాయమూర్తిని అధ్యక్షురాలిగా పెట్టి, నిపుణుల మాట వినిపించి, సిఫార్సు అడిగారు. 2018 అబార్షన్ ఓటుకు ముందు జరిగింది ఇదే. యూరప్‌లో మిగతా దేశాలు ఐర్లండ్ నుంచి నేర్చుకోవాలని చూసిన పద్ధతుల్లో ఇదొకటి.

రిఫరెండంలో ఓటు ఐరిష్ పౌరులకే. అయితే 18 ఏళ్ళు నిండిన నివాసి ఎవరైనా, ఏ దేశ పాస్‌పోర్టు ఉన్నా, స్థానిక సంస్థల ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. పేరు నమోదు చేసుకుంటే చాలు. విద్యార్థి వీసా మీద ఉన్న తెలుగువాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

యూరప్ కోరినదాన్ని ప్రజలు వద్దన్న సందర్భాలున్నాయా?

ఉన్నాయి, చాలా ప్రసిద్ధమైనవే. 1987లో రేమండ్ క్రాటీ వేసిన కేసులో, దేశ సార్వభౌమత్వాన్ని తాకే యూరప్ ఒప్పందాలకు ప్రజల అనుమతి కావాలని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి నుంచి ఐర్లండ్ ఓటు యూరప్ అంతటికీ కంగారు. 2001లో నీస్ ఒప్పందాన్ని 53.9 శాతంతో తిరస్కరించారు, మరుసటి ఏడాది 62.9 శాతంతో ఒప్పుకున్నారు. 2008లో లిస్బన్‌ను 53.4 శాతంతో కాదన్నారు, 2009లో 67.1 శాతంతో సరేనన్నారు. "ఒప్పుకునేదాకా అడుగుతారు" అన్న వెక్కిరింత అప్పుడే పుట్టింది. కానీ రెండోసారి అడిగేముందు తటస్థత మీద, పన్నుల మీద, కుటుంబ విలువల మీద హామీలు రాసిచ్చారన్నదీ గుర్తుపెట్టుకోవాలి.

2024 మార్చి 8 మరో రకం ఉదాహరణ. "ఇంట్లో స్త్రీ జీవితం" గురించి రాజ్యాంగం 41వ అధికరణంలో ఉన్న పాత వాక్యాన్ని తీసి, సంరక్షణ గురించి కొత్త మాట పెట్టాలన్న ప్రతిపాదన 73.9 శాతంతో ఓడిపోయింది. కుటుంబ నిర్వచనాన్ని విస్తరించాలన్నది 67.7 శాతంతో పోయింది. దాన్ని సంప్రదాయవాద తీర్పుగా మాత్రమే చదివితే పొరపడతాం. కొత్త మాటల్లో వికలాంగుల సంరక్షణ బాధ్యత కుటుంబం మీదికే నెట్టేస్తున్నారని వ్యతిరేకించినవాళ్ళూ వద్దనే ఓటేశారు.

తొంభై శాతం బడులు చర్చివట కదా? మా పిల్లలకు సీటు దొరుకుతుందా?

ప్రాథమిక పాఠశాలల్లో దాదాపు పదింట తొమ్మిదికి కేథలిక్ చర్చే యాజమాన్యం. జీతాలు మాత్రం ప్రభుత్వానివి. ఫ్రాన్స్ తరహా లౌకికత్వం యూరప్ ఉమ్మడి విలువ అనుకునేవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. నిజానికి ఈ విషయంలో యూరప్‌కు ఒకే నమూనా లేదు. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి.

2018 అడ్మిషన్ల చట్టం తరవాత, సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువైనా కేథలిక్ ప్రాథమిక బడి బాప్టిజం సర్టిఫికెట్ చూసి పిల్లలను వరుసలో ముందుకు, వెనక్కు జరపకూడదు. మైనారిటీ మతాల బడులకు మాత్రం తమ పిల్లల విషయంలో మినహాయింపు ఉంది. మత బోధన క్లాసుకు మీ పిల్లలు కూర్చోనక్కర్లేదన్న హక్కు రాజ్యాంగం 44వ అధికరణంలోనే ఉంది. ఆ సమయంలో పిల్లలను ఏం చేస్తారో బడి తన అడ్మిషన్ విధానంలో రాసి పెట్టాలి. చేర్చేముందు ఆ పత్రం అడిగి చదవండి. ఎక్కువ బడుల్లో జరిగేది, పిల్లవాణ్ణి అదే గదిలో వెనక బెంచీ మీద వేరే పుస్తకంతో కూర్చోబెట్టడమే. మొదటి కమ్యూనియన్ (కేథలిక్ పిల్లలు చర్చిలో తొలిసారి ప్రసాదం తీసుకునే వేడుక) ఏడాది, అంటే రెండో తరగతిలో, బడి సమయం చాలా దానికే పోతుంది కాబట్టి తేడా బాగా కనబడుతుంది. ఏ మతానికీ చెందని యాజమాన్యాల బడులున్నాయి, కానీ నగరాల్లో వాటికి పోటీ ఎక్కువ.

2022 జనాభా లెక్కల్లో కేథలిక్కులు 69 శాతం. 2016లో 79 శాతం ఉండేవారు. హిందువులు 33 వేలు దాటారు. బడుల యాజమాన్యం జనాభా కంటే చాలా నెమ్మదిగా మారుతోంది.

దేవుణ్ణి దూషిస్తే ఇంకా నేరమేనా?

కాదు. 2009 చట్టం ప్రకారం 25,000 యూరోల వరకు జరిమానా ఉండేది. 2018 అక్టోబర్ 26న 64.85 శాతంతో ఆ మాటను రాజ్యాంగం నుంచి తీసేశారు. విచిత్రమేమిటంటే సరిగ్గా ముందురోజే, ఆస్ట్రియాలో ఇలాంటి నేరానికి వేసిన జరిమానా ఒడంబడికకు విరుద్ధం కాదని స్ట్రాస్‌బర్గ్ కోర్టు తీర్పిచ్చింది. యూరప్ ఎప్పుడూ ముందుంటుంది, ఐర్లండ్ వెనక వస్తుంది అనేవాళ్ళకు ఈ రెండు తేదీలు చూపించొచ్చు.

పిల్లల్ని క్రమశిక్షణ కోసం ఒక దెబ్బ వేస్తే?

నేరం కిందికి వస్తుంది. బడుల్లో 1982లోనే ఆపేశారు. ఇంట్లో "సబబైన శిక్ష" అని తల్లిదండ్రులు చెప్పుకునే రక్షణ 2015 డిసెంబర్‌లో పోయింది. ఇది యూరప్ ఒత్తిడికి మంచి ఉదాహరణ. కౌన్సిల్ ఆఫ్ యూరప్ సామాజిక హక్కుల కమిటీ ఐర్లండ్‌ను తప్పుపట్టిన నిర్ణయం అదే ఏడాది మేలో వెలువడింది. "మా ఇళ్ళల్లో ఇది మామూలే" అన్న సమాధానం టీచరు ముందు గానీ పిల్లల సంరక్షణ సంస్థ ముందు గానీ పనికిరాదు. పిల్లలకు హాని జరుగుతోందని తెలిస్తే పైకి చెప్పాల్సిన చట్టబద్ధ బాధ్యత టీచర్లకు ఉంటుంది.

వివక్ష జరిగిందనిపిస్తే ఏం చేయాలి?

ఉద్యోగంలో అయితే వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కు ఆరు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. సరైన కారణం చూపిస్తే ఆ గడువును పన్నెండు నెలల వరకు పొడిగిస్తారు. దుకాణం, అద్దె ఇల్లు, బడి లాంటి సేవల విషయంలో ముందు ఇంకో మెట్టు ఉంది. ఘటన జరిగిన రెండు నెలల్లోపు ఇ.ఎస్.1 ఫారం నింపి అవతలి పక్షానికి పంపాలి, జవాబు కోసం నెల రోజులు ఆగాలి, ఆ తరవాతే కమిషన్‌కు వెళ్ళాలి. ఎక్కువ ఫిర్యాదులు చెడిపోయేది ఈ రెండు నెలల గడువు దగ్గరే. ఫారం రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఇక్కడ పోలిక ఆసక్తికరం. 2000 నాటి యూనియన్ జాతి సమానత్వ డైరెక్టివ్ జాతీయతను, అంటే ఏ దేశ పౌరుడన్న తేడాను, తన పరిధి నుంచి తప్పించింది. ఐరిష్ చట్టంలో "జాతి" అన్న మాటలో రంగు, జాతీయత, మూలం అన్నీ ఉన్నాయి. "ఇండియన్స్‌కు ఇల్లు ఇవ్వం" అంటే ఐరిష్ చట్టమే మీకు బలమైన ఆధారం. వర్క్ పర్మిట్ అడగడం మాత్రం వివక్ష కాదు.

ఐర్లండ్ నాటోలో లేదు. అది యూరప్ సంఘీభావానికి విరుద్ధం కాదా?

కాదు. కొన్ని సభ్యదేశాల రక్షణ విధానానికున్న ప్రత్యేక స్వభావానికి భంగం రాదని యూనియన్ ఒప్పందం 42వ అధికరణమే చెబుతుంది. యూనియన్ ఉమ్మడి రక్షణలో ఐర్లండ్ చేరకూడదని ఐర్లండ్ రాజ్యాంగంలోనూ ఉంది. 2017లో ఐర్లండ్ యూనియన్ రక్షణ సహకార పథకం పెస్కోలో చేరింది, దాన్ని సైనిక కూటమిగా చూడకూడదు. పన్నెండు మందికి మించి సైనికులను విదేశానికి పంపాలంటే ఐక్యరాజ్యసమితి ఆమోదం, ప్రభుత్వ నిర్ణయం, దిగువ సభ ఓటు మూడూ కావాలన్న "మూడు తాళాల" నియమం చట్టంలో గట్టిగా నిలిచింది. దాన్ని సడలించాలన్న ప్రతిపాదన మీద వాదోపవాదాలు తీవ్రంగా సాగాయి. ఫిన్లండ్ 2023లో, స్వీడన్ 2024లో నాటోలో చేరాక ఐర్లండ్, ఆస్ట్రియా, మాల్టాల తటస్థత మరింత కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

ఒక దేశం ఉమ్మడి విలువలను తుంగలో తొక్కితే ఏం చేస్తారు?

యూనియన్ ఒప్పందం 7వ అధికరణం ప్రకారం చివరికి ఓటింగ్ హక్కులనే ఆపేయొచ్చు. కానీ దానికి ఆ దేశం తప్ప మిగతావాళ్ళంతా ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి, కాబట్టి ఒక్క స్నేహితుడున్నా చాలు, బండి ఆగిపోతుంది. పోలండ్ మీద 2017లో, హంగరీ మీద 2018లో మొదలుపెట్టారు. డబ్బు ఆపడమే ఎక్కువ పనిచేసింది. 2022 డిసెంబర్‌లో హంగరీకి చెందిన 630 కోట్ల యూరోలను నిలిపేశారు.

ఐర్లండ్ ఈ కథలోకి ఒక అరెస్టు వారంటుతో వచ్చింది. పోలండ్‌కు ఒక నిందితుణ్ణి అప్పగించాలా అని ఐరిష్ హైకోర్టు లక్సెంబర్గ్‌ను అడిగింది, అక్కడ జడ్జీల స్వతంత్రత మీద అనుమానంతో. 2018 జులై 25న వచ్చిన ఎల్‌ఎం కేసు తీర్పు రెండు మెట్ల పరీక్ష పెట్టింది. వ్యవస్థలో లోపం ఉందని చూపించడం ఒక్కటే చాలదు, ఈ మనిషికే న్యాయమైన విచారణ దొరకదన్న నిజమైన ప్రమాదం కూడా చూపించాలి. ఆ పరీక్ష పెట్టి చివరికి ఐరిష్ కోర్టు అప్పగించడానికే మొగ్గింది.

సర్వేలతో పోల్చేటప్పుడు ఏం తప్పులు జరుగుతాయి?

యూరోపియన్ సోషల్ సర్వే 2002 నుంచి రెండేళ్ళకోసారి జరుగుతోంది, డేటా ఉచితం. అందులో మానవ విలువల ప్రశ్నలకు 1 అంటే "అచ్చం నాలాంటివాడే", 6 అంటే "అస్సలు కాదు". పెద్ద అంకె అంటే ఎక్కువ విలువ అని చదివేస్తే ఫలితం మొత్తం తలకిందులు. స్కేల్ తిప్పుకోవాలి. పైగా కొందరు అన్నింటికీ "నాలాంటివాడే" అంటారు కాబట్టి ఒక్కొక్కరి సగటును వాళ్ళ స్కోర్ల నుంచి తీసేశాకే పోల్చాలి.

వెయిట్లు, అంటే లెక్కలో ఒక్కో జవాబుకు ఇచ్చే బరువు, ఇంకో గొయ్యి. ఐర్లండ్ ఒక్కదాని గురించే రాస్తే శాంపిల్ వెయిట్ సరిపోతుంది. "యూరప్ సగటు" కట్టాలంటే జనాభా వెయిట్ కూడా వేయాలి, లేదంటే అరకోటి ఐర్లండ్, ఎనిమిది కోట్ల జర్మనీ సమానమైపోతాయి. యూనియన్ తరఫున జరిగే అభిప్రాయ సర్వే యూరోబారోమీటర్‌లో ఒక్కో దేశం నుంచి దాదాపు వెయ్యి మందినే అడుగుతారు. అటూఇటూ మూడు శాతం పొరపాటు సహజం. రెండు శాతం తేడాతో "ఐర్లండ్ యూరప్ కంటే ముందంజ" అని శీర్షిక పెట్టినవాళ్ళను నమ్మకండి.

పౌరసత్వానికి విలువల పరీక్ష రాయాలా?

వద్దు. జర్మనీలో 33 ప్రశ్నల్లో 17 సరిగ్గా రాయాలి. ఐర్లండ్‌లో పరీక్షా లేదు, భాషా పరీక్షా లేదు. గత తొమ్మిదేళ్ళలో లెక్కకొచ్చే నివాసం ఐదేళ్ళు, అందులో దరఖాస్తుకు ముందు ఏడాది వరుసగా ఉండాలి. ఆ ఏడాదిలో 70 రోజులదాకా బయట ఉండొచ్చు. విద్యార్థి అనుమతి, అంటే స్టాంప్ 2 మీద ఉన్న కాలం లెక్కకు రాదు, నిరాశపడేవాళ్ళు ఎక్కువమంది ఇక్కడే. గుర్తింపుకు 150 పాయింట్లు, నివాసానికి ఏడాదికి 150 పాయింట్ల చొప్పున కాగితాలు చూపాలి. దరఖాస్తుకు 175 యూరోలు, సర్టిఫికెట్‌కు పెద్దలకు 950.

విలువల మాట వచ్చేది చివర్లో, సామూహిక వేడుకలో. దేశం పట్ల విధేయత ప్రకటించి, చట్టాలు పాటిస్తామని, ప్రజాస్వామిక విలువలను గౌరవిస్తామని పలకాలి. అదే రోజు భారత పౌరసత్వం చట్టప్రకారం పోతుంది. పాత పాస్‌పోర్టును రాయబార కార్యాలయంలో రద్దు చేయించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోండి, ఓసీఐ (విదేశీ భారతీయ పౌరుల కార్డు) దరఖాస్తుకు అదే కావాలి.

ఐర్లండ్‌లో పుట్టినంత మాత్రాన బిడ్డకు పౌరసత్వం రాదు. 2004 జూన్ 11న 79.2 శాతం ఓట్లతో ఆ హక్కును తీసేశారు. తల్లిదండ్రుల్లో ఒకరికి బిడ్డ పుట్టకముందు నాలుగేళ్ళలో మూడేళ్ళ నివాసం ఉండాలి. ఇక్కడా స్టాంప్ 2 లెక్కలోకి రాదు. ప్రసవానికి ముందే స్టాంపుల తేదీలు ఒక కాగితం మీద రాసుకుని లెక్కేసుకోండి.